ఖలీన నిర్ణయం: అమెరికా పశ్చిమ అశ్వారోహణ సంప్రదాయంలో కళ్లెపు ఎంపిక

గుర్రాన్ని అదుపులో ఉంచే సాధనాన్ని చెప్పడానికి సంస్కృతాంధ్రాలలో పదాలకు కొదువ లేదు. అమరకోశం క్షత్రియవర్గంలో కవికా, ఖలీన శబ్దాలను పర్యాయాలుగా చెప్పింది. వల్గ, ప్రగ్రహం, రశ్మి, అభీశువు అనేవి చేతిలోని పగ్గాన్ని తెలిపేవి. తెలుగులో కళ్లెం, వాగె, పగ్గం ఉన్నాయి. పారసీకం నుండి జీనుతో పాటు లగాము కూడా వచ్చి చేరింది. ఇన్ని మాటలున్నా నేటి వాడుకలో కళ్లెం అనే ఒక్క పదమే నోటిలోని లోహపు కడ్డీకి, తలకు కట్టే పట్టీలకు, రౌతు చేతిలోని పగ్గాలకు ఉమ్మడి పేరుగా నిలిచిపోయింది. "కళ్లెం లాగాడు" అన్నప్పుడు లాగబడినది వాగె. "కళ్లెం కొరికింది" అన్నప్పుడు కొరకబడినది ఖలీనం. కావ్యపాఠంలో ఈ సాంకర్యం వల్ల పెద్ద హాని లేకపోవచ్చు. గుర్రం నోటి విషయంలో మాత్రం హాని ఉన్నది. చేతి లాగుడు నోటిని ఏ మార్గాన, ఎంత బలంతో చేరుతున్నదన్న ప్రశ్న ఈ మూడింటిని విడివిడిగా చూసినప్పుడే పుడుతుంది. ఆ ప్రశ్నకు సమాధానమే కళ్లెపు ఎంపికకు ఆధారం.

ఖలీన శబ్దానికి సంప్రదాయజ్ఞులు చెప్పే వ్యుత్పత్తి ప్రసిద్ధమైనది. ఖ అంటే రంధ్రం; గుర్రం ముఖరంధ్రంలో లీనమై ఉండేది కనుక ఖలీనం. భాషాశాస్త్రజ్ఞులు ఈ పదాన్ని అదే అర్థం గల గ్రీకు "ఖలినోస్" నుండి వచ్చిన ఎరువుమాటగా పరిగణిస్తారు. క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ దండయాత్ర, ఆపైన వాయవ్య ప్రాంతాన యవన రాజ్యాల పాలన ఇటువంటి పదాల రాకకు తగిన అవకాశాన్ని కల్పించాయి. చారిత్రకంగా రెండవ మతమే బలమైనది. అయినా మొదటి వ్యుత్పత్తి కల్పితమైనప్పటికీ వస్తుస్వభావాన్ని చక్కగా పట్టి ఇచ్చింది. గుర్రం నోటిలో నిజంగానే ఒక "ఖ" ఉన్నది. కళ్లెం నిలిచేది అందులోనే.

పశ్చిమ సంప్రదాయమంటే

ఇక్కడ పశ్చిమమంటే ఐరోపా ఖండం కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల పశ్చిమ భాగంలో, ముఖ్యంగా కాలిఫోర్నియా, టెక్సస్ ప్రాంతాలలో పశువులను మందలుగా మేపిన రౌతుల సంప్రదాయం. దీని మూలం స్పెయిన్. అక్కడి నుండి మెక్సికోకు, మెక్సికో నుండి ఉత్తరానికి గుర్రాలతో పాటు జీన్లు, పగ్గాలు, వాటి పేర్లు కూడా నడిచి వెళ్లాయి. నోటిలో కడ్డీ లేకుండా ముక్కుపట్టీతో నడిపే సాధనాన్ని ఆంగ్లంలో హాకమోర్ అంటారు. ఇది స్పానిష్ "హాకిమా" శబ్దానికి వికృతి. ఆ స్పానిష్ మాట అరబ్బీ "షకీమా" నుండి వచ్చినది. దానికి కట్టే వెంట్రుకల తాటి పేరు "మెకాతే" మెక్సికో ఆదివాసుల నవాతల్ భాషాపదం. ఖలీనం గ్రీకు దేశం నుండి తూర్పునకు వచ్చినట్లే షకీమా అరబ్బు దేశం నుండి పడమరకు వెళ్లింది. అశ్వపరిభాషకు దేశపు హద్దులు లేవనడానికి ఈ రెండూ మంచి ఉదాహరణలు.

పశువుల కాపరికి ఒక చేయి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆ చేతితో ఉరితాడు విసరాలి, కంచె తలుపు తీయాలి. అందుచేత పగ్గాలు రెండూ ఒకే చేతిలో, సామాన్యంగా ఎడమ చేతిలో, వదులుగా ఉంటాయి. గుర్రాన్ని మలపడానికి నోటిని పక్కకు లాగరు. పగ్గాన్ని మెడకు తాకిస్తారు. ఎడమవైపు తిరగాలంటే కుడి పగ్గం మెడ కుడివైపున ఆనుతుంది, గుర్రం ఆ స్పర్శకు తొలగి ఎడమకు మలుగుతుంది. ఆంగ్లేయ సంప్రదాయంలో పగ్గం నిరంతరం స్వల్పంగా బిగిసి ఉండి చేతికి నోటికి మధ్య ఎడతెగని సంబంధం ఉంటుంది. పశ్చిమ సంప్రదాయంలో బిగువు లేకపోవడమే సహజస్థితి. పగ్గం కదలడమే సంజ్ఞ. ఒకే కళ్లెం ఒక సంప్రదాయంలో తగినదై మరొకదానిలో తగనిది కావడానికి మూలం ఇదే.

గుర్రం నోరు

కళ్లెపు ఎంపిక గుర్రం నోటి నుండి మొదలవుతుంది, అంగడి నుండి కాదు. గుర్రానికి ముందు పళ్లకు, వెనుక దవడ పళ్లకు నడుమ పళ్లు లేని జాగా ఉన్నది. అశ్వికులు ఆంగ్లంలో దీనిని "బార్లు" అంటారు. క్రింది దవడపై ఈ భాగంలో ఎముక అంచు పలుచగా ఉంటుంది. దానిపై కప్పి ఉన్నది పలుచని చిగురు మాత్రమే. మగ గుర్రాలకు ఈ జాగా ముందు భాగంలోనే కోరపళ్లు వస్తాయి. ఆడ గుర్రాలలో అవి సాధారణంగా ఉండవు. పెద్ద మగ గుర్రానికి 40 పళ్లు, ఆడదానికి 36 పళ్లు అని లెక్క చెప్పడం ఇందువల్లనే. కొన్నింటికి దవడ పళ్లకు ముందు, ఎక్కువగా పై దవడలో, చిన్న అవశేష దంతాలు మొలుస్తాయి. కళ్లెం వాటికి తగిలితే గుర్రం తల విసురుతుంది. అందువల్ల కళ్లెం అలవాటు చేయడానికి ముందే పశువైద్యునిచే వాటిని తీయించడం చాలా చోట్ల ఆచారం.

కళ్లెం ఒత్తిడి పడే చోట్లు ఇవి: నాలుక, పైన చెప్పిన దంతరహిత స్థానం, పెదవుల కొస అయిన సెలవి, కొన్ని రకాల కళ్లేలలో అంగుడి, గడ్డం క్రింది పల్లం, చెవుల వెనుక నడినెత్తి. ఇందులో నాలుకది విశేష స్థానం. నోరు మూసినప్పుడు నాలుక ఆ కుహరాన్ని దాదాపుగా నింపివేస్తుంది. కనుక నోటిలో కళ్లేనికి ఖాళీ స్థలమంటూ లేదు. అది నాలుకను కొంత అణచి తన చోటు తాను చేసుకుంటుంది. లావుపాటి కడ్డీ ఒత్తిడిని విశాలంగా పరచి మృదువుగా ఉంటుందన్నది సాధారణ న్యాయం. అయితే చిన్న నోరు, లావు నాలుక గల గుర్రానికి మరీ లావైన కడ్డీ ఊపిరాడనివ్వని భారమే. మృదుత్వం కడ్డీలో ఒంటరిగా ఉండే గుణం కాదు. అది ఆ కడ్డీకి, ఆ నోటికి గల సంబంధం.

సూటి కళ్లెం, మీట కళ్లెం

కళ్లేలు అంగళ్లలో వందల రకాలుగా కనిపించినా యంత్రన్యాయాన్ని బట్టి ప్రధానంగా రెండే జాతులు. పగ్గం కట్టే వలయం నేరుగా నోటి కడ్డీకే తగిలించి ఉంటే అది స్నాఫిల్. చేయి ఎంత లాగితే నోటికి అంతే చేరుతుంది. దీనిని తెలుగులో సూటి కళ్లెమనవచ్చు. నోటి కడ్డీకి ఇరువైపులా నిలువు కడ్డీలు ఉండి, వాటి పై కొసకు తలపట్టీ, క్రింది కొసకు పగ్గం తగిలించి, గడ్డం క్రింద గొలుసు గాని తోలుపట్టీ గాని ఉంటే అది కర్బ్. దీనిని మీట కళ్లెమనవచ్చు. బావి దగ్గర ఏతం ఎరిగిన వారికి ఈ రెండవ జాతి పని చేసే తీరు వేరుగా బోధించనక్కరలేదు. ఆధారబిందువుకు ఇరువైపులా ఉన్న చేతుల పొడవులలో భేదాన్ని బట్టి బలం పెరుగుతుంది.

లెక్కగా చెప్పాలంటే, నోటి కడ్డీ నుండి పై కొస వరకు 1½ అంగుళం, క్రింది కొస వరకు 4½ అంగుళాలు ఉన్న మీట కళ్లెంలో నిష్పత్తి ఒకటికి మూడు. పగ్గంపై ఒక పౌను బలం ప్రయోగిస్తే పై కొస వద్ద, అనగా గడ్డపు పట్టీ, తలపట్టీల మీద, మూడు పౌన్ల బలం ఏర్పడుతుంది. వాడుకలో చెప్పే లెక్క ఇక్కడితో ఆగుతుంది. కాని తులాదండ న్యాయం ప్రకారం ఆధారబిందువుపై పడేది రెండు కొసల బలాల మొత్తం. కనుక నోటిలో కడ్డీ క్రింద పడే బలం నాలుగు పౌన్లకు సమీపం. పగ్గం లాగే కోణం, పట్టీ బిగువు, రాపిడి దీనిని కొంత మారుస్తాయి. అయినా "ఒకటికి మూడు" అని విని మూడింతలే అనుకున్న రౌతు నిజానికి అంతకంటె ఎక్కువ బలాన్ని గుర్రం నోటిపై మోపుతున్నాడు.

ఇక్కడ ఒక నామదోషాన్ని ప్రస్తావించక తప్పదు. చాలామంది స్నాఫిల్‌ను నడుమ కీలు ఉండడాన్ని బట్టి గుర్తిస్తారు. ఇది లక్షణం కాదు, ఉపలక్షణం మాత్రమే. కీలు లేని స్నాఫిల్ ఉన్నది, కీలు గల కర్బ్ ఉన్నది. నడుమ కీలు ఉండి, పొట్టి నిలువు కడ్డీలు గల ఒక మీట కళ్లెం "టామ్ థంబ్ స్నాఫిల్" అనే పేరుతో అమెరికా అంగళ్లలో విరివిగా అమ్ముడుపోయింది. పేరులో స్నాఫిల్ ఉన్నందున అది మృదువైనదని నమ్మి, లేత గుర్రాలకు, చేయి కుదరని పిల్లలకు దానిని కొనిచ్చిన పెద్దలు ఎందరో. అది మీట కళ్లెమే. పైగా కీలు ఉన్నందున లాగినప్పుడు నోటి కడ్డీ మడతపడి, పక్క కడ్డీలు లోపలికి ఒరిగి, దవడను ఇరువైపులా నొక్కుతుంది. సంజ్ఞ ఎటు నుండి వచ్చిందో గుర్రానికి స్పష్టం కాదు. దానిని రెండు చేతులతో పట్టి ఒక పక్క లాగితే అయోమయం ఇంకా పెరుగుతుంది. శబ్దాన్ని బట్టి వస్తువును నిర్ణయించడంలోని ప్రమాదానికి ఇంతకంటె బాధాకరమైన ఉదాహరణ దొరకడం కష్టం, ఎందుకనగా ఆ బాధ పడేది శబ్దం తెలియని జీవి.

మీట కళ్లెమంటేనే క్రూరమని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే అవుతుంది. దానిలోని భేదాలు సూక్ష్మమైనవి. నిలువు కడ్డీ పొడవు పెరిగితే బలం పెరుగుతుందన్నది నిజమే. కాని అది పై చేతి పొడవుతో పోల్చినప్పటి మాట. రెండూ కలిసి పెరిగితే నిష్పత్తి మారదు. మరొక విశేషం కాలానికి సంబంధించినది. గడ్డపు పట్టీ సరిగా అమరినప్పుడు నిలువు కడ్డీ సుమారు 45 డిగ్రీలు తిరిగిన తరువాతనే పట్టీ బిగుస్తుంది. క్రింది చేయి 4½ అంగుళాలైతే అంత తిరగడానికి దాని కొస మూడున్నర అంగుళాలు కదలాలి. 6 అంగుళాలైతే దాదాపు నాలుగు ముప్పావు అంగుళాలు కదలాలి. ఆ అదనపు దూరం గుర్రానికి లభించే హెచ్చరిక. శిక్షితమైన గుర్రం ఆ లోగానే పగ్గపు కదలికను గ్రహించి తల వంచి లోబడుతుంది. పట్టీ బిగిసే అవసరమే రాదు. నిలువు కడ్డీలు వెనుకకు వంగి ఉంటే కళ్లెం నెమ్మదిగా పని చేస్తుంది. నిటారుగా ఉంటే చప్పున పట్టుకుంటుంది. కనుక పొట్టి కడ్డీ ఎప్పుడూ మంచిదని, పొడుగుది చెడ్డదని చెప్పే మాట సగమే సత్యం: దుడుకు చేతికి పొడుగు కడ్డీ ఆయుధం, నెమ్మది చేతికి అదే సంభాషణకు వ్యవధి.

నోటి కడ్డీ నడుమ పైకి లేచిన వంపును పోర్టు అంటారు. దీని విషయంలోనూ అపోహ ఉన్నది. చూడగానే అది అంగుడిని పొడిచేదిగా తోస్తుంది. తక్కువ ఎత్తు పోర్టు చేసే పని నాలుకకు చోటివ్వడమే. అయితే నాలుక మీద నుండి తొలగిన భారం ఎక్కడికో పోదు. ఇరువైపులా ఉన్న చిగురు పైకి చేరుతుంది. లావు నాలుక గల గుర్రానికి ఇది ఉపశమనం. పలుచని నాలుక, వాడి దవడ అంచు గల గుర్రానికి ఇదే కష్టం. ఎత్తైన పోర్టు మాత్రం కళ్లెం తిరిగినప్పుడు అంగుడిని తాకుతుంది. దానిని తట్టుకొనే శిక్షణ గుర్రానికి, దానిని తాకించకుండా నడిపే నేర్పు రౌతుకు ఉండాలి.

వయస్సు, శిక్షణ, చేయి

కాలిఫోర్నియా రౌతుల పాత పద్ధతిలో ఎంపిక ఒక్కనాటి నిర్ణయం కాదు, కొన్నేళ్ల క్రమం. పిల్లగుర్రం నోటిలో మొదట ఏమీ పెట్టరు. పచ్చితోలు అల్లిన ముక్కుపట్టీ బోసాల్‌తో, అనగా హాకమోర్ పద్ధతిలో, మలుపులు, నిలుపులు నేర్పుతారు. ఇందుకు కారణం ఉన్నది. గుర్రానికి రెండున్నర నుండి అయిదేళ్ల నడుమ పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వస్తాయి. చిగుళ్లు నొప్పిగా ఉండే ఆ కాలంలోనే శిక్షణ కూడా సాగుతుంది. నోటిని వదలి ముక్కును ఆశ్రయించడం ఆ దశకు తగిన వివేకం. తరువాత సన్నని బోసాల్, నోటిలో కళ్లెం రెండూ ఉంచి, రెండు జతల పగ్గాలతో నడుపుతారు. పాతదాని నుండి కొత్తదానికి గుర్రం తానే దాటుతుంది. చివరి దశ స్పేడ్ బిట్. చెంచా ఆకారపు ఎత్తైన పలక, నాలుకతో ఆడుకోవడానికి చిన్న రాగి చక్రం గల ఈ కళ్లెం చూపులకు భయంకరం. బలంగా లాగితే నిజంగానే భయంకరం. కాని దానిని ధరించే అర్హత పొందిన గుర్రం పగ్గపు గొలుసు ఊగిన మాత్రాన స్పందిస్తుంది. లాగడం అన్నది ఆ విద్యలో అపజయానికి పేరు. టెక్సస్ వైపు ఆచారం ఇంతకంటె సరళం: స్నాఫిల్‌తో మొదలుపెట్టి, కుదిరిన తరువాత కర్బ్‌కు మారుస్తారు.

1940లో ఏర్పడిన అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ ప్రదర్శన నియమాలలో ఈ ఆచారాల ఛాయ కనిపిస్తుంది. అయిదేళ్లు, అంతకు లోపు గుర్రాలను స్నాఫిల్‌తో గాని హాకమోర్‌తో గాని రెండు చేతులతో నడపనిస్తారు. ఆరేళ్లు వచ్చిన వాటిని సామాన్యంగా కర్బ్‌తో ఒక చేత నడపాలి. కొన్ని విభాగాలలో మినహాయింపులున్నాయి. స్నాఫిల్ వలయం 2 అంగుళాలకు తగ్గరాదు, 4 అంగుళాలకు మించరాదు. కర్బ్ నిలువు కడ్డీ మొత్తం పొడవు 8½ అంగుళాలు, పోర్టు ఎత్తు 3½ అంగుళాలు దాటరాదు. గడ్డపు పట్టీ కనీసం అరంగుళం వెడల్పుతో దవడకు చదునుగా ఆనాలి. ఇవి అనుమతికి హద్దులే గాని యోగ్యతకు ప్రమాణాలు కావు. నియమావళి సమ్మతించిన కళ్లెమల్లా తన గుర్రానికి తగినదని భావించడం శాస్త్రం నిషేధించనిదంతా విహితమే అనుకోవడం వంటిది.

ఇక కొలతలు. పశ్చిమ స్వారీలో విరివిగా వాడే క్వార్టర్ జాతి గుర్రాలకు నోటి కడ్డీ సాధారణంగా 5 అంగుళాలు సరిపోతుంది. ఇరుపక్కలా పెదవికి, వలయానికి మధ్య పావు అంగుళం ఎడం ఉంటే చాలు. తక్కువైతే సెలవి నలుగుతుంది, ఎక్కువైతే కడ్డీ అటూ ఇటూ జారుతుంది. స్నాఫిల్ సెలవి వద్ద ఒకటి రెండు ముడతలు పడేటట్లు తలపట్టీని బిగించాలని చాలామంది చెబుతారు. ముడత పడకుండా కేవలం తాకేటట్లు ఉంచి, గుర్రమే దానిని నాలుకతో పైకెత్తి పట్టుకోవడం నేర్వాలన్నది మరికొందరి మతం. గడ్డపు పట్టీకి, గడ్డానికి నడుమ రెండు వేళ్లు దూరాలి. లోహాలలో, గాలికి కొద్దిగా తుప్పు పట్టే మెత్తని ఇనుము, రాగి నోట లాలాజలం ఊరేటట్లు చేస్తాయని ప్రతీతి. తుప్పు పట్టని ఉక్కు మన్నికైనది. పురి తిప్పిన తీగతో చేసిన సన్నని కడ్డీలు కూడా అంగళ్లలో దొరుకుతాయి. అవి చిగురును కోయగలవు. నేర్చుకొనే వారి చేతికి అవి ఎన్నడూ తగవు.

గుర్రం కళ్లేనికి ఎదురు తిరిగినప్పుడు సామాన్యంగా జరిగేది ఒక్కటే: ఇంకా కఠినమైన కళ్లెం కొనడం. నోరు తెరవడం, తల ఎగురవేయడం, నాలుకను కడ్డీ మీదికి తేవడం, కడ్డీని పళ్లతో పట్టి పరుగెత్తడం ఇవన్నీ అవిధేయతగా కనిపిస్తాయి. వీటిలో అధిక భాగం నొప్పికి రూపాంతరాలు. కనుక ముందు పశువైద్యుని చేత పళ్లు చూపించడం, తరువాత కొలత, అమరిక సరిచూడడం, ఆ తరువాత రౌతు చేతిని పరీక్షించడం క్రమం. కళ్లెం మార్చడం చివరిది. మార్చినా తరచు మృదువైన దాని వైపే మార్చవలసి వస్తుంది. నోటి గాయాలు పైకి కనిపించవన్నది మరొక చిక్కు. ఫిన్లాండులో బండిపందేలలో పరుగెత్తే గుర్రాల నోళ్లను పందెం ముగిసిన వెంటనే పరీక్షించి 2019లో ప్రకటించిన పరిశోధనలో అత్యధిక భాగానికి కళ్లెం ఆనే చోట గాయాలున్నట్లు తేలింది. నోటి బయట రక్తం కనిపించినవి మాత్రం అతి కొద్ది. ఆ గుర్రాల పని వేరు, కళ్లేల తీరు వేరు. కాని రక్తం కనిపించలేదు కనుక నోరు క్షేమమన్న ఊహ ఏ సంప్రదాయంలోనూ నిలవదని దాని వల్ల తెలుస్తున్నది.

ఈ వివేకం కొత్తది కాదు. క్రీ.పూ. నాలుగవ శతాబ్దిలో సోక్రటీసు శిష్యుడు జెనోఫన్ అశ్వారోహణంపై రాసిన గ్రంథంలో రౌతు దగ్గర కనీసం రెండు ఖలినోస్‌లు ఉండాలన్నాడు. ఒకటి నునుపుది, రెండవది ముళ్ల వంటి గరుకు భాగాలు గలది. గరుకుదానిని పళ్లతో పట్టలేక గుర్రం వదలివేయడం నేర్చుకుంటుందని, తరువాత నునుపుదానితో తృప్తిగా పని చేస్తుందని ఆయన ఆశయం. నేటి శిక్షకులు ఈ క్రమాన్ని సరిగ్గా తలక్రిందులు చేశారు: నునుపుతో, లేదా ఏ కడ్డీ లేకుండా మొదలుపెట్టి బరువైన సంజ్ఞాసాధనంతో ముగిస్తారు. కాని కళ్లెం నోటిలో మరీ లోతుగా పోతే నోరు మొద్దుబారుతుందని, మరీ ముందుకు జారితే గుర్రం పళ్లతో పట్టేస్తుందని ఆయన చెప్పిన మాట నేటికీ యథాతథంగా చెల్లుతుంది. బిగుసుకొన్న దాని కంటె కదలాడే కళ్లేన్నే ఆయన మెచ్చుకొన్నాడు.

భారతీయ వాఙ్మయంలో అశ్వవిద్య అంటే శాలిహోత్రుని పేరు, నకులుని పేరు తలపునకు వస్తాయి. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణ విలాసం ఉన్నది. వీటిలో పెద్ద పీట లక్షణాలకు, సుళ్లకు, చికిత్సకు. ఖలీన విచారానికి ఉపకరించే మరొక స్థలం కఠోపనిషత్తులోని రథరూపకం. అందులో శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు ప్రగ్రహం, ఇంద్రియాలు హయాలు. గమనించదగినదేమనగా ఇన్ని అంగాలు లెక్కించిన ఆ రూపకంలో ఖలీనం లేదు. అంతేకాదు, గుర్రాలు వశంలో ఉండడానికి గాని దుష్టాశ్వాలు కావడానికి గాని అక్కడ చెప్పిన హేతువు సారథి విజ్ఞానం, మనస్సు కూడిక. పరికరపు కాఠిన్యం కాదు. ఈ ఘట్టాన్ని బోధించేటప్పుడు ప్రగ్రహానికి "కళ్లెం" అని అర్థం చెప్పడం తరగతి గదులలో సామాన్యం. పగ్గం లేదా వాగె అని చెప్పడమే మూలానికి న్యాయం; ఎందుకనగా పగ్గం చేతిలో ఉండేది, కళ్లెం నోటిలో ఉండేది.

అటువంటి మరొక సాంకర్యం "ముకుతాడు వేయడం", "కళ్లెం వేయడం" అనే పలుకుబడులలో కనిపిస్తుంది. రెండింటికీ అదుపు చేయడమే అర్థమైనా వాటి వెనుక ఉన్న వ్యవహారం వేరు. ఎద్దు ముక్కు దూలానికి రంధ్రం చేసి తాడు దూరుస్తారు. గుర్రానికి ఏ రంధ్రమూ చేయనక్కరలేదు. ఉన్న ఖాళీలోనే కడ్డీ నిలుస్తుంది. ఎద్దుల సేద్యం బాగా ఎరిగి గుర్రాలు తక్కువగా ఉన్న గ్రామసీమలలో కళ్లేన్ని కూడా ముకుతాడు వంటి నిర్బంధంగా ఊహించడం సహజం. అనువాదకులు మాత్రం ఒకదాని స్థానంలో మరొకదానిని వాడరాదు.

పదకల్పన దృష్ట్యా చివరి చిక్కు మెకానికల్ హాకమోర్ అనే సాధనంతో వస్తుంది. దీనికి నోటి కడ్డీ లేదు. ముక్కు మీద పట్టీ, గడ్డం క్రింద గొలుసు, ఇరువైపులా పొడవాటి నిలువు కడ్డీలు ఉంటాయి. నోటిలో ఏమీ లేదు కనుక ఇది మెత్తనిదని కొనేవారు అనేకులు. కాని అది పూర్తిగా మీట న్యాయంతో పని చేస్తుంది. ముక్కు దూలపు ఎముక క్రింది కొస పలుచనిది. పట్టీ ఆ కొస మీదికి జారితే హాని చేయగలదు, ఊపిరికీ అడ్డు వస్తుంది. బోసాల్‌తో దీనికి పేరులో తప్ప చుట్టరికం లేదు. ముఖరంధ్రంలో లీనం కానిది కాబట్టి దీనిని ఖలీనమనడానికి వీలు లేదు. చేతి బలాన్ని హెచ్చించేది కాబట్టి కేవలం ముక్కుపట్టీ అనడానికీ వీలు లేదు. "మీట ముక్కుపట్టీ" అంటే పని చేసే తీరు, ఆనే చోటు రెండూ తెలుస్తాయి. బోసాల్‌కు ఒట్టి "ముక్కుపట్టీ" చాలును.